పీచ్ యువరాణి రంగస్థలం ఎక్కిన ఆట ‘ప్రిన్సెస్ పీచ్: షోటైమ్!’: నా అనుభవం

మేరియో వీడియో ఆటలతో పెరిగినవారికి పీచ్ యువరాణి అంటే మేరియో విడిపించాల్సిన బందీగా ఆట చివర్లో ఒక్క క్షణం కనిపించే మనిషి. 1985లో వచ్చిన సూపర్ మేరియో బ్రదర్స్‌లో ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు ఘట్టాలు, ప్రతి లోకం చివర ఒక కోట ఉండేవి. మొదటి ఏడు కోటల్లోనూ ఆమె ఉండదు. ‘మా యువరాణి వేరే కోటలో ఉంది’ అని చెప్పే చిన్న సేవకుడు మాత్రమే ఉంటాడు. ఎనిమిదో కోట కూడా దాటితే ఆమె ఎదురుపడి, ధన్యవాదాలు చెప్పి, ఇంకాస్త కష్టమైన ఆటలోకి పంపించేది. తొంభైల్లో మా ఇంట్లో టీవీకి తగిలించిన చవక వీడియో గేమ్ పెట్టెలో, క్యాసెట్టు అని మేం పిలుచుకున్న పసుపుపచ్చ డబ్బాలో ఈ ఆటే ఉండేది. మా అన్నయ్యకు మేరియో ఎంత ఎత్తు ఎగరగలడన్నదే ముఖ్యం. నాకు మాత్రం ఆ కోటలో ఆమె ఇంతసేపూ ఏం చేస్తూ ఉంటుందన్న కుతూహలం ఎక్కువగా ఉండేది.

ఆమె చేతికి పని ఇచ్చిన ఆటలు తర్వాత రాకపోలేదు. 1988లో అమెరికాలో విడుదలైన సూపర్ మేరియో బ్రదర్స్ 2లో ఆడేవారు ఎంచుకోగలిగిన నలుగురిలో ఆమె ఒకరు. ఎగిరిన తర్వాత గౌను పరచుకొని కాసేపు గాలిలో తేలడం ఆమెకు మాత్రమే ఉన్న విద్య. 2005లో జపాన్‌లో నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకొని ఆడే పరికరం మీద వచ్చిన సూపర్ ప్రిన్సెస్ పీచ్‌లో కథే తలకిందులైంది. బందీలు మేరియో, అతని తమ్ముడు లూయీజీ. గొడుగు పట్టుకొని వెళ్లి విడిపించేది ఆమె. అయితే అందులో ఆమె బలాలు సంతోషం, దుఃఖం, కోపం, ప్రశాంతత అన్న నాలుగు భావావేశాలు కావడం నాకు ఇప్పటికీ కొంత ఇబ్బందిగానే ఉంటుంది. ఏడ్చి మొక్కలు పెంచే వీరనారిని ఎందుకు ఊహించారో తెలియదు కానీ, మేరియోకు అటువంటి ఆట ఎవరూ తయారు చేయలేదన్నది మాత్రం నిజం. ఆ తర్వాత ఆమె పేరు మీద పూర్తి సాహస ఆట రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 2024 మార్చి 22న నింటెండో స్విచ్ అనే ఆట పరికరం మీద విడుదలైన ఆ ఆట పేరు ప్రిన్సెస్ పీచ్: షోటైమ్! దీన్ని తయారు చేసింది గుడ్-ఫీల్ అనే జపాన్ సంస్థ. విడుదలైనప్పుడు అమెరికాలో 59.99 డాలర్లకు అమ్మిన ఆ ఆట కార్డును, అంతకుముందే కొని ఉంచిన స్విచ్‌తో పాటు, మా తమ్ముడు సెలవులకు వస్తూ తెచ్చి ఇచ్చాడు.

కథ చాలా చిన్నది. పీచ్ తన పరివారంతో కలిసి స్పార్కిల్ థియేటర్ అనే నాటకశాలకు ప్రదర్శన చూడటానికి వెళుతుంది. గ్రేప్ అనే ఊదారంగు మంత్రగత్తె తన సౌర్ బంచ్ ముఠాతో వచ్చి నాటకశాలను ఆక్రమించి, అక్కడి నాటకాలన్నిటినీ పాడుచేస్తుంది. ఒక్కో నాటకానికీ ఉన్న ప్రధాన నటిని స్పార్క్లా అంటారు, వాళ్లంతా మాయమైపోతారు. నాటకశాలకు కాపలా దేవతలాంటి స్టెల్లా రిబ్బనుగా మారి పీచ్ జుట్టుకు ముడిపడుతుంది. ఇక అక్కడి నుంచి పీచ్ ఒక్కో నాటకంలోకి ప్రవేశించి, ఆ వేషం వేసుకొని, ఆగిపోయిన కథను ముందుకు నడపాలి. ఈ వేషాలు పది: కత్తి యోధురాలు, మిఠాయిలు చేసే వంటమనిషి, కుంగ్‌ఫూ వీరురాలు, డిటెక్టివ్, గుర్రమెక్కి తాడు విసిరే కౌగర్ల్, నింజా, మంచు మీద స్కేటింగ్ చేసే నర్తకి, మత్స్యకన్య, మహాబలురాలైన సూపర్ హీరోయిన్, దర్జా అయిన దొంగ. రక్షించేదీ స్త్రీయే, రక్షింపబడేదీ స్త్రీయే. మేరియో ఈ కథలో ఎక్కడా లేడు, అతని కోసం ఎవరూ ఎదురుచూడరు కూడా. ఆట తయారు చేసినవారు ఈ విషయాన్ని ఎక్కడా డప్పు కొట్టి చెప్పకపోవడం నాకు నచ్చింది.

ఆడటానికి కావలసినవి ప్రధానంగా రెండే బొత్తాలు. ఒకటి ఎగరడానికి, ఇంకొకటి పని చేయడానికి. ఆ రెండో బొత్తానికి అర్థం వేషాన్ని బట్టి మారిపోతుంది. మామూలు పీచ్ చేతిలో అది రిబ్బను విసరడం. యోధురాలి చేతిలో కత్తి తిప్పడం. కౌగర్ల్ చేతిలో తాడు విసరడం. ముళ్ల తీగలు కమ్ముకున్న కోట నాటకంతో నేను మొదలుపెట్టాను. శత్రువు కత్తి ఎత్తిన క్షణాన సరిగ్గా పక్కకు తప్పుకుంటే కాలం ఒక్కసారి నెమ్మదిస్తుంది, అప్పుడు తిరిగి దెబ్బ కొట్టవచ్చు. దీని కిటుకు దొరికిన తర్వాత ఆ ఘట్టం మొత్తం యుద్ధంలా కాకుండా, ముందుగా అభ్యాసం చేసిన నృత్యంలా సాగిపోతుంది. నాటకంలోని కత్తియుద్ధం అలాగే ఉండాలి కాబట్టి ఇది లోపం కాదు, ఉద్దేశపూర్వకంగా చేసిందే.

ఆట మొత్తాన్ని నిలబెట్టింది ఈ నాటకభావమే. దూరంగా కనిపించే కొండలు రంగు వేసిన అట్టలు. చంద్రుడు తాడుకు వేలాడుతూ ఉంటాడు. దృశ్యం మారేటప్పుడు తెర పడుతుంది, లేదా వెనకున్న అట్ట గోడ జరిగి ఇంకో ఊరు బయటపడుతుంది. వెలుగు వృత్తం పడిన చోట నిలబడి పీచ్ ఒక భంగిమ పెడితే, ఆటలో పోగుచేయాల్సిన రత్నాల్లో దాగి ఉన్నది ఒకటి కొన్నిసార్లు బయటికి వస్తుంది. చిన్నప్పుడు సురభి వారి నాటకంలో మాయలన్నీ తాళ్లతోనే జరుగుతున్నాయని తెలిసి కూడా నోరు తెరుచుకొని చూసిన వాళ్లకు ఈ ఆటలోని అందం వెంటనే అర్థమవుతుంది. ఇక రంగుల విషయానికి వస్తే, పీచ్ గులాబీ రంగుకూ గ్రేప్ ఊదారంగుకూ మధ్య జరిగే పోరే ఈ ఆట అనవచ్చు. ఊదా పొగ కమ్మిన వీధిలో రిబ్బను తాకగానే పూలకుండీలు విచ్చుకొని, మూల నక్కిన ఊరివాళ్లు లేచి నిలబడతారు. దీనివల్ల లాభం నాణేలు మాత్రమే అయినా, ఒక్క కుండీని కూడా వదలకుండా తాకుతూ వెళ్లాను.

నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ ఆనందం ఇచ్చినదీ మిఠాయిల నాటకం. ఇందులో గ్రేప్ ముఠాను కొట్టడం కంటే బిస్కెట్లు కాల్చడం, కేకులు అలంకరించడం ముఖ్యం. గిన్నెలో పిండి కలిపేటప్పుడు సరైన దగ్గర ఆపాలి. ముందు ఆపినా, దాటిపోయినా పని చెడుతుంది, ఈలోపు గడియారం తిరుగుతూనే ఉంటుంది. తర్వాత కేకు ముందు నిలబడితే పైన ఒక నమూనా చూపిస్తారు. క్రీమును ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో, స్ట్రాబెర్రీ ఎక్కడ పెట్టాలో దాన్ని చూసి చేయాలి. మా అక్క కూతురు సెలవులకు వచ్చినప్పుడు ఈ భాగం తానే ఆడతానని పట్టుబట్టింది. క్రీము గీత దాటి బయటికి వచ్చినప్పుడు నేను కంట్రోలర్ అందుకోబోతే, ‘పిన్నీ, కేకు కొంచెం వంకరగా ఉంటే ఏమవుతుంది, తినేవాళ్లకు తెలియదుగా’ అంది. ఆట మాత్రం ఒప్పుకోలేదు. ఆ కేకుకు రావలసిన రత్నం రాలేదు. నేను మళ్లీ ఆడమంటే, ‘నువ్వే ఆడుకో పిన్నీ, నాకు గుర్రం ఎక్కేది కావాలి’ అని కౌగర్ల్ నాటకం పెట్టించుకుంది. పీచ్ ఈ వేషంలో ఉన్నప్పుడు ఎంత శ్రద్ధగా పనిలో మునిగి ఉంటుందో గమనిస్తే, కోటలో ఆమె ఇంతకాలం ఏం చేసేదన్న నా పాత సందేహానికి కొంత సమాధానం దొరికినట్టయింది. మేరియోను కోటకు పిలిచి కేకు పెట్టిన యువరాణి ఆమే కదా. 1996 నాటి సూపర్ మేరియో 64 మొదలయ్యేదే ఆ కేకు ఆహ్వానంతో.

డిటెక్టివ్ నాటకం దీనికి పూర్తిగా భిన్నం. చిత్రశాలలో కుడ్యచిత్రం మాయమైపోతుంది. పరుగులు, దెబ్బలు పక్కన పెట్టి మనుషులను పలకరించి, వస్తువులను పరిశీలించి, దొరికిన ఆధారాలను కలుపుకొని రావాలి. చిక్కుముడి పెద్దలకు తేలికే కానీ, పీచ్ ఆలోచనలో పడి నిలబడే తీరు చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మత్స్యకన్య నాటకంలో ఆయుధం ఆమె గొంతు. బొత్తాం నొక్కి పట్టుకుంటే ఆమె పాడుతుంది, చేపల గుంపు ఆ పాట వెంట వచ్చి బరువైన వస్తువులను కదుపుతుంది. నింజా నాటకంలో గోడ రంగు గుడ్డ కప్పుకొని గోడలా నిలబడటం, రెల్లు గొట్టంతో నీటి కింద ఊపిరి తీసుకోవడం వంటివి నవ్వు పుట్టిస్తాయి. స్కేటింగ్, సూపర్ హీరోయిన్ భాగాలు నాకు అంతగా పట్టలేదు. మొదటిది చూడటానికి ఎంత బాగుందో ఆడటానికి అంత పలచగా ఉంది. రెండోదానిలో వాహనాలు ఎత్తి పారేయడం తప్ప ఆమె స్వభావం ఎక్కడా కనబడదు.

నాటకశాలలో ఒక్కో అంతస్తు చివర ఉండే పెద్ద శత్రువుల దగ్గరికి వెళ్లాలంటే తగినన్ని రత్నాలు చేతిలో ఉండాలి. ఈ శత్రువులు నాటకశాల సామగ్రి నుంచే పుట్టినవారు: ఒకటి దీపాలతో తయారైన చిరుతలాంటి మృగం, ఒకటి ప్రొజెక్టర్ తలతో నీడలు విసిరే పిల్లి, ఇంకొకటి డిస్కో బంతి మోసే పక్షి. వీటి ముందు ఏ వేషమూ ఉండదు. రిబ్బను పట్టిన మామూలు పీచ్‌గానే పోరాడాలి. ఇది సరైన నిర్ణయం అనిపించింది, ఎందుకంటే మిగతా సమయమంతా ఆమె ఎవరో ఒకరి పాత్రలో ఉంటుంది. మరీ కష్టంగా ఉంటే ప్రాణాలను సూచించే హృదయాలను పెంచే తాయెత్తు ఒకటి ఇస్తారు. పిల్లలు ఆడేటప్పుడు అది పెట్టి ఉంచడమే మంచిది.

కథ ముగించడం తేలిక. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నాటకం సాగుతున్నప్పుడు ఒక దృశ్యం దాటి ముందుకు పోతే మళ్లీ వెనక్కి రాలేము. తెర పడితే పడినట్టే. మూడో దృశ్యంలో ఒక రత్నం వదిలేస్తే దాని కోసం నాటకాన్ని మళ్లీ మొదటి నుంచి ఆడాలి. ఎన్ని వచ్చాయో, వరుసలో ఏది రాలేదో ఆట చూపిస్తుంది కాబట్టి, ఖాళీ గడికి రెండు వైపులా ఉన్న రత్నాలు ఎక్కడ దొరికాయో గుర్తు తెచ్చుకుంటే, పోయినది ఏ దృశ్యంలో ఉందో పట్టుకోవచ్చు. ఇలా పట్టుకోవడం నేర్చుకున్నాక పని చాలా తగ్గింది. మొదటిసారి నవ్వించిన సంభాషణలను మూడోసారి వినడం, ప్రతి నాటకం ముందూ అది లోడ్ అయ్యేదాకా వేచి ఉండటం మాత్రం ఓర్పుకు పరీక్షే. అందువల్ల నేను రాత్రి భోజనాలయ్యాక ఒకటో రెండో నాటకాలు మాత్రమే ఆడి, మిగతావి మర్నాటికి వదిలేసే పద్ధతి పెట్టుకున్నాను. వరుసగా కూర్చొని ఆడితే ఈ ఆటలోని రంగులన్నీ వెలిసిపోయినట్టు అనిపిస్తాయి.

నాటకశాల నేలమాళిగలో స్పార్క్లాలను ఒక్కొక్కరినీ విడిపించే ఘట్టాలే ఆట మొత్తంలో కాస్త గట్టివి. అంతవరకు నేర్చుకున్న విద్యను ఊపిరి సలపనివ్వకుండా పరీక్షిస్తాయి. విడిపించిన తర్వాత అసలు నటి, ఆమె వేషం వేసిన పీచ్ ఎదురెదురుగా నిలబడతారు. ఎవరి పాత్రను ఎవరూ లాక్కోరు; పాత్ర మళ్లీ యజమానురాలికి చేరుతుంది. చివరి పోరు గురించి ఇక్కడ చెప్పడం న్యాయం కాదు, కానీ అక్కడ పీచ్‌కు ఎవరి వేషమూ కాని, తనదే అయిన రూపం దక్కుతుంది.

ఆట మరీ తేలిక అన్న మాటను నేను కాదనను. మేరియో కొత్త ఆటల్లో ఉన్నంత వైవిధ్యం, కాలు జారితే పడిపోతామన్న బెరుకు ఇందులో లేవు. ఇంతకాలం ఎదురుచూసిన నాయికకు ఇంకొంచెం కఠినమైన పరీక్ష పెట్టి ఉంటే ఆమెకు మర్యాద పెరిగేదే. అయితే పదిరకాల పనులను పది విధాలుగా చేస్తూ, అన్నిటిలోనూ పీచ్‌గానే మిగలడం అనే కష్టాన్ని మాత్రం ఆట తయారు చేసినవారు బాగా మోశారు. అన్ని రత్నాలూ చేరాయి. ఆఖరున దొరికింది ఊహించినట్టే ఆ కేకు దగ్గరిది. నాణేలతో కొన్న గౌన్లలో మా అక్క కూతురు ఎంచినదే ఇప్పటికీ పీచ్ ఒంటి మీద ఉంది, మార్చడానికి నాకు అనుమతి లేదు. కొనాలా వద్దా అని ఆలోచించేవారి కోసం స్విచ్ ఆన్‌లైన్ దుకాణంలో ఆడి చూసే ఉచిత నమూనా ఉంది; కత్తి నాటకం, మిఠాయిల నాటకం రెండూ అందులోనే ఉన్నాయి. కత్తి అందరికీ నచ్చుతుంది. కేకు చేస్తున్నప్పుడు మీకు విసుగు పుడితే మాత్రం డబ్బు దాచుకోండి, ఎందుకంటే మిగతా ఆట స్వభావం కూడా అదే.