కావాలని పీకలేదు

మెదడులో కుడివైపు ముందు ధమని పూడుకుపోయింది. ఎంఆర్‌ఐ, సెలైన్లు, రక్తం పలచబడే మాత్రలు అందరికీ ఉండేవే, వదిలేస్తాను. ఎడమకాలు బరువెక్కింది. ఎడమచేతిలో బలం ఉంది కానీ దానిమీద నా పెత్తనం పోయింది.

నాలుగో రాత్రి రెండు దాటింది. మేలుకునే ఉన్నాను. ఎడమచెయ్యి దుప్పటి మీద మెల్లగా పాకి, కుడిచేతికి ఉన్న సెలైన్ గొట్టాన్ని పట్టుకుంది. వద్దు వద్దనుకుంటూనే చూస్తున్నాను. లాగేసింది. ప్లాస్టరు ఊడి దుప్పటంతా నెత్తురు. డ్యూటీ డాక్టరు వచ్చి, నాకేసి చూడనైనా చూడకుండా నర్సుతో, "కావాలనే పీక్కుంటోంది, చెయ్యి కట్టెయ్యండి" అన్నాడు. కట్టేశారు. తెల్లారేదాకా ఆ వేళ్లు మంచం ఊచను తడుముతూనే ఉన్నాయి.

కావాలని చెయ్యడమంటే ఏమిటో ఇప్పుడు నేను చెప్తా. పని తలపెట్టగానే మెదడు కండరాలకు కబురు పంపుతూ, చేతికి ఏం తగలబోతోందో అంచనా కూడా వేసుకుంటుంది. తగిలింది దానితో సరిపోతే 'నేనే చేశాను' అనిపిస్తుంది. మన చంకలో మనమే గిలిగింత పెట్టుకుంటే నవ్వు రానిది అందుకే. 2002లో లండన్‌లో మెదడు మీద పరిశోధించే ప్యాట్రిక్ హగార్డ్ బృందం, మీట నొక్కిన పావు సెకనుకు శబ్దం వచ్చేలా పెట్టి చూసింది. తామే నొక్కినవాళ్లకు ఆ రెండూ దగ్గరదగ్గరగా జరిగినట్టు తోచాయి. అయస్కాంతంతో మెదడును తట్టి వేలు కదిలిస్తే, దూరందూరంగా తోచాయి.

నాకు చేతిని ఆపే చోటూ, మెదడు రెండు సగాలనూ కలిపే తీగలూ దెబ్బతిన్నాయి. అందుకని ఎడమచెయ్యి ఏది తగిలితే అది పట్టేసుకునేది. 1908లో కర్ట్ గోల్డ్‌స్టైన్ అనే జర్మన్ నరాల డాక్టరు రాసిన రోగికైతే ఎడమచెయ్యి తన గొంతే పట్టుకుంది. నాది నయం, కుడిచేత్తో కుచ్చిళ్లు దోపుకుంటే లాగేసేది, అంతే. మా తోటికోడలు "ఏటోనమ్మా, గాలి సోకింది" అని నిమ్మకాయ దిగదుడిచింది. దుడిస్తే దుడిచింది, రాత్రంతా పక్కన కూచుంది కదా!

మద్దిలపాలెం నుంచి వచ్చిన ఫిజియో అమ్మాయి రుణం మాత్రం తీరదు. ఎడమచేతిని ఖాళీగా ఉంచొద్దంది. చుట్టిన రుమాలో, చేతికర్రో పట్టిస్తే ఊరుకుంటుంది. పొయ్యి దగ్గర ఎడమవైపు వేడి గిన్నె పెట్టకూడదు. పట్టిన పట్టు వదలకపోతే వేళ్లు పట్టి లాగొద్దు, అరచెయ్యి ఒరుసుకునే కొద్దీ బిగుస్తుంది. మణికట్టును లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే సడలుతాయి. మా ఆయన మొదటి వారమంతా లాగీ లాగీ నా చూపుడువేలు వాచేలా చేశారు.

ఇంకోటి. "చెయ్యెత్తండి" అంటే ఎత్తలేకపోయేదాన్ని. గ్లాసు ఎదురుగా పెట్టి, దాహంగా ఉంది, నీళ్లు తాగుదాం అనుకుంటే చెయ్యి వెళ్లి అందుకునేది. వట్టి కదలికను తలచుకుంటే లాభం లేదు, ఆ పనితో ఏం కావాలో అది తలచుకోవాలి. ఆ అమ్మాయి పూటకి ఇరవై నిమిషాలు చిక్కుడుకాయల ఈనెలు తీయించేది, రెండుచేతులూ ఒకే పని మీద ఉంటాయని. ఆరో నెలకి పేచీ తగ్గింది.

మొన్న సింహాచలం వెళ్లి, మొక్కు ప్రకారం కప్పస్తంభాన్ని రెండుచేతులా కౌగిలించుకున్నాను. ఎడమచెయ్యి వదల్లేదు. వెనక క్యూలో "జరగండమ్మా" అని అరుస్తున్నారు. పట్టుకున్నది నేనో, అదో! కుడిచేత్తో మణికట్టు వంచి, పక్కకి జరిగాను.