నీహారిక వాలు కొలవడం: నా అనుభవం

ద్విధ్రువ గ్రహ నీహారిక (చనిపోతున్న నక్షత్రం రెండు వైపులా వెదజల్లిన వాయు మేఘం) ఫోటో చూస్తే ఆకారం తెలిసిపోయినట్టే ఉంటుంది. డమరుకంలా సన్నటి నడుము, అటూ ఇటూ ఉబ్బిన రెక్కలు. కానీ ఏ రెక్క మనవైపు వాలి ఉందో, ఎంత వాలి ఉందో ఫోటోలో తెలియదు. నా ప్రాజెక్టంతా ఆ వాలు కోసమే.

మెక్సికోలోని శాన్ పెద్రో మార్టిర్ అబ్జర్వేటరీ వాళ్లు వందల గ్రహ నీహారికల వర్ణపటాలను కేటలాగ్‌గా చేసి అందరికీ అందుబాటులో ఉంచారు. నా డేటా అందులోదే. కాంతి ఎక్కువని హైడ్రోజన్ గీత (656.3 నానోమీటర్లు) తీసుకుందామనుకుంటే, గైడ్ పక్కనున్న నైట్రోజన్ గీత (658.4) చూడమన్నారు. పదివేల డిగ్రీల వేడిలో హైడ్రోజన్ పరమాణువుల ఉరుకులాటకే గీత సెకనుకు 20 కిలోమీటర్లకు పైగా అలుక్కుపోతుంది. నైట్రోజన్ 14 రెట్లు బరువు, అలుకు ఆరు కిలోమీటర్ల లోపే. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక ఇక వాదించలేదు.

అసలు పని స్థానం-వేగం పటంతో. నిలువునా స్లిట్ (వర్ణపటం కోసం నీహారిక కాంతిని లోపలికి వదిలే సన్నటి చీలిక) మీద స్థానం, అడ్డంగా వేగం. గీత 0.1 నానోమీటరు జరిగితే సెకనుకు సుమారు 45 కిలోమీటర్ల వేగం. నా పటంలో పై రెక్క నీలం వైపు, కింది రెక్క ఎరుపు వైపు ఒరిగాయి. అంటే పైది మనవైపు వస్తోంది. కేంద్రం నుంచి ఎంత దూరముంటే వాయువు అంత వేగంగా పోతోందని అనుకుంటే, ఆ పటమే నీహారికను పక్క నుంచి చూసిన బొమ్మ అవుతుంది! కాకపోతే దానికి స్కేలు ఉండదు, ఎంత వేగమంటే ఎంత లోతో తెలియదు.

స్కేలు కోసం నడుము దగ్గరి వలయాన్ని పట్టుకున్నాను. అది నిజంగా గుండ్రమైతే, ఫోటోలో దాని పొట్టి వ్యాసం పొడుగు దానిలో సగం ఉంటే, నీహారిక అక్షం మన చూపుకు 60 డిగ్రీల కోణంలో ఉన్నట్టు. తర్వాత షేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో నీహారిక త్రీడీ మోడల్ కట్టి, రెక్కల మీద అడ్డంగా పెట్టిన స్లిట్‌లతో పోల్చాలి. ఇక్కడే విసుగు. వాలు కాస్త పెంచి, రెక్కను కాస్త కురచ చేస్తే దాదాపు అదే పటం వచ్చేస్తుంది. అడ్డ స్లిట్‌లు లేకపోతే ఏది నిజమో తేల్చలేం.

వాలు కుదిరాక వయసు లెక్క తేలికే, దూరాన్ని వేగంతో భాగించడమే. కానీ ఆకాశంలో కోణంగా కొలిచిన రెక్క పొడవును కిలోమీటర్లుగా మార్చాలంటే నీహారిక మనకెంత దూరమో తెలియాలి. అది రెట్టింపైతే వయసూ రెట్టింపే. వృశ్చిక రాశిలోని ఎన్‌జీసీ 6302 అనే ద్విధ్రువ నీహారికకి ఏళ్ల తేడాతో తీసిన ఫోటోల్లో రెక్క జరగడాన్ని కొలిచి, దూరంతో పాటు సుమారు 2,200 ఏళ్ల వయసు రాబట్టారు. నా దానికి అలాంటి పాత ఫోటోల్లేవు. అందుకే రిపోర్టులో వయసును ఒక అంకెగా కాక, కిలోపార్సెక్కు (సుమారు 3,260 కాంతి సంవత్సరాల) దూరానికి ఇన్నేళ్లని రాసి ఇచ్చాను.