నలభై రూపాయల డాలర్

మా అక్క కొడుకు ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే వెనకే వచ్చి అడిగాడు: "పిన్నీ, అమెరికాలో వడ్డీ తక్కువ, జపాన్‌లో ఇంకా తక్కువ. మరి మన కంపెనీలన్నీ అక్కడే అప్పు తెచ్చుకోకుండా ఇక్కడి బ్యాంకుల చుట్టూ ఎందుకు తిరుగుతాయి?"

సరిగ్గా ఈ ప్రశ్నే 2007లో మా ఎండీ గారు అడిగారు. అడిగి ఊరుకోలేదు, తెచ్చారు కూడా.

అప్పట్లో నేను హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీలో ట్రెజరీ, అంటే కంపెనీ డబ్బు, అప్పులు చూసుకునే విభాగంలో పనిచేసేదాన్ని. విభాగమంటే ముగ్గురు మనుషులు, ఒక ఫ్యాక్స్ మిషను, గోడకు ఒక తెల్ల బోర్డు. రోజూ ఉదయం బ్యాంకుకు ఫోన్ చేసి డాలర్ రేటు కనుక్కుని ఆ బోర్డు మీద రాయడం నా మొదటి పని. ఆ జూన్‌లో రాసిన అంకె 41కి కాస్త తక్కువ. తరవాత కొన్ని నెలలకు 39 కూడా రాశాను. ఇంకా దిగుతుంది, 35 చూస్తామని మా క్యాంటీన్‌లో కూడా చెప్పుకునేవారు.

యూరప్‌లో ఒక చిన్న మాత్రల ఫ్యాక్టరీ అమ్మకానికి వచ్చింది. అది కొంటే మేము బహుళజాతి సంస్థ అయిపోతాం. దానికి డబ్బు కావాలి. ఇక్కడి బ్యాంకు పన్నెండు, పదమూడు శాతం అడిగింది. హాంకాంగ్ నుంచి సూట్లు వేసుకుని వచ్చిన మర్చంట్ బ్యాంకర్లు సున్నా శాతం అన్నారు.

ఆ సున్నా పేరు ఎఫ్‌సీసీబీ, అంటే విదేశీ కరెన్సీ కన్వర్టిబుల్ బాండు. డాలర్లలో అప్పు, అయిదేళ్ల గడువు, మధ్యలో వడ్డీ కట్టనక్కర్లేదు. మా షేరు అప్పుడు 200 రూపాయలుంటే, బాండు కొన్నవాడు 260 లెక్కన దాన్ని షేర్లుగా మార్చుకోవచ్చు. షేరు 260ని బాగా దాటితే మార్చుకుంటాడు, మనం పైసా తిరిగి ఇవ్వక్కర్లేదు. అంత పెరగకపోతే అయిదో ఏట అసలుకు నలభై అయిదు శాతం కలిపి డాలర్లలో చెల్లించాలి. ఈ చివరి వాక్యం దగ్గర ఆ రోజు గదిలో ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు. పకోడీలు వచ్చాయి.

కాగితాలు చూస్తే నాకు విచిత్రంగా ఉండేది. కంపెనీ హైదరాబాద్‌ది, చట్టం ఇంగ్లండ్‌ది, బాండ్లు లిస్టయింది సింగపూర్‌లో, అమ్మింది హాంకాంగ్ వాళ్లు. ఇదేమీ మా గొప్పతనం కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. 1963లో మొదటి యూరోబాండు, అంటే ఒక దేశపు కరెన్సీలో అప్పును ఆ దేశం బయట అమ్మే బాండు, పుట్టినప్పటి నుంచీ ఇదే తంతు. అది ఇటలీ రహదారుల సంస్థ ఆటోస్ట్రాడే పేరు మీద తెచ్చిన కోటిన్నర డాలర్ల అప్పు. నడిపించింది లండన్‌లోని వార్‌బర్గ్ బ్యాంకు. బ్రిటన్ స్టాంపు డ్యూటీ తప్పించుకోవడానికి బాండ్ల జారీ తతంగాన్ని ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో కానిచ్చారు. వడ్డీ చెల్లింపులు లక్సెంబర్గ్‌లో పెట్టారు, అదీ పన్ను కోసమే. ఇంతా చేసి డబ్బు చేరింది రహదారులకు కాదు, అదే మాతృసంస్థ గొడుగు కింద ఉన్న ఫిన్‌సైడర్ అనే ఉక్కు సంస్థకు. అదే నెలలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ విదేశీ బాండ్ల కొనుగోళ్ల మీద పన్ను ప్రతిపాదించడంతో న్యూయార్క్‌కు పోవలసిన వ్యాపారం లండన్ దారి పట్టింది. పన్ను ఎక్కడ తక్కువైతే డబ్బు అక్కడికి నడుస్తుందని మా ఆడిటరు గారు అనేవారు. నిజానికి నడవదు, విమానం ఎక్కుతుంది.

మా సంగతికి వస్తాను. తెచ్చింది 4 కోట్ల డాలర్లు. రూపాయల్లో 163 కోట్లు చేతికొచ్చాయి. 2008లో మార్కెట్లు కూలాయి, మా షేరు 45కి పడింది. 260కి మార్చుకునే వెర్రివాడు ఎవడుంటాడు? 2008 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఇలాంటి బాండ్లను గడువుకు ముందే తక్కువ ధరకు తిరిగి కొనుక్కోవచ్చని అనుమతిచ్చింది. కొన్ని కంపెనీలు ఆ దారిన బయటపడ్డాయి. మాకు ఆ రోజు డబ్బు లేదు.

2012 జూన్‌లో గడువు తీరింది. ఆ రోజు బోర్డు మీద నేను రాసిన అంకె 56. 4 కోట్లకు నలభై అయిదు శాతం కలిపితే 5 కోట్ల 80 లక్షల డాలర్లు. రూపాయల్లో దాదాపు 325 కోట్లు. తెచ్చినదానికి రెట్టింపు! ఏడాది లెక్కన చూస్తే పదిహేను శాతానికి దగ్గర. పన్నెండు శాతం అడిగిన ఇక్కడి మేనేజరు పాపం ఎంత మంచివాడో ఆ సాయంత్రం అర్థమైంది.

"హెడ్జ్ చేయలేదా?" అన్నాడు మా వాడు. పుస్తకం బాగానే చదువుతున్నాడు. హెడ్జ్ అంటే రేటు మారితే వచ్చే నష్టానికి ముందే అడ్డుకట్ట వేసుకోవడం. ఫార్వర్డ్ కవర్, అంటే రేపటి డాలర్ ధరను ఈ రోజే ఖాయం చేసుకునే ఒప్పందం, తీసుకోవచ్చు. కానీ అయిదేళ్ల తరవాత ఇచ్చే డాలర్‌ను ఈ రోజు 41కి ఎవరూ అమ్మరు. రెండు దేశాల వడ్డీల తేడాను ఆ ధరలోనే కలిపి అమ్ముతారు. ఆ కవర్ ఖర్చు కలుపుకుంటే సున్నా శాతం అప్పు వచ్చి మళ్లీ మన బ్యాంకు వడ్డీ పక్కనే కూర్చుంటుంది. అందుకే మా వాళ్లు తీసుకోలేదు. వాళ్లకు కావలసింది ఆ సున్నాయే.

మరి పెద్ద బహుళజాతి సంస్థలకు విదేశీ అప్పు ఎలా కలిసొస్తుంది? ఏ కరెన్సీలో సంపాదన ఉందో దాంట్లోనే అప్పు చేస్తారు కనుక. మెక్‌డొనాల్డ్స్ 2010 ఆగస్టులో హాంకాంగ్‌లో 20 కోట్ల చైనా యువాన్లకు బాండ్లు అమ్మింది. మూడేళ్లు, మూడు శాతం. డాలర్ పెరిగితేనేం, తగ్గితేనేం? చైనాలో బర్గర్లు అమ్మిన యువాన్లతోనే తీర్చేస్తుంది. అప్పు ఒక కరెన్సీలో, అవసరం ఇంకో కరెన్సీలో ఉంటే మార్చుకునే పద్ధతి కూడా పాతదే. 1981లో ఐబీఎం తన స్విస్ ఫ్రాంకుల, జర్మన్ మార్కుల అప్పుల భారాన్ని ప్రపంచ బ్యాంకుకు అప్పజెప్పి, బదులుగా దాని డాలర్ల చెల్లింపులు తను తీసుకుంది. మధ్యలో కూర్చుని కుదిర్చింది సాలమన్ బ్రదర్స్. ఈ రోజు స్వాప్ అంటున్నది అదే.

అప్పు చేయకుండా వాటా అమ్ముకోవడం ఇంకో దారి. మా పక్క రోడ్డులోనే అన్నట్టు, డాక్టర్ రెడ్డీస్ 2001 ఏప్రిల్‌లో ఏడీఆర్‌లతో, అంటే మన షేర్లకు బదులుగా అమెరికాలో అమ్మే రసీదులతో, న్యూయార్క్ ఎక్స్‌చేంజిలో లిస్టయింది. వాటాకు గడువు తేదీ ఉండదు. 2016లో హెచ్‌డీఎఫ్‌సీ మసాలా బాండ్లు అమ్మింది. విదేశీయులకే అమ్మినా అప్పు రూపాయల్లో, మూడు వేల కోట్లు. రూపాయి పడితే ఆ నష్టం కొన్నవాడిదే. అందుకని వాడికిచ్చే రాబడి కూడా ఏడాదికి ఎనిమిది శాతం దాటింది. వాడూ లెక్క తెలిసినవాడే కదా.

మాకేమో అప్పు డాలర్లలో, ఆదాయంలో నూటికి ఎనభై పాళ్లు ఇక్కడి మందుల దుకాణాల నుంచి రూపాయల్లో వచ్చేది. యూరప్ ఫ్యాక్టరీ తెచ్చే యూరోలు అక్కడి జీతాలకే సరిపోయేవి.

"మరి చివరికి ఎలా కట్టారు?" అని అడిగాడు.

ఎఫ్‌సీసీబీలు తీర్చడానికి కొత్త విదేశీ అప్పు తెచ్చుకోవచ్చని అంతకు ముందు ఏడాదే రిజర్వు బ్యాంకు అనుమతించింది. అలాంటి అప్పులకు అప్పట్లో ఫారం 83 నింపాల్సి ఉండేది, రెండు ప్రతులు. 2007లో నింపింది నేనే. అప్పు ఎందుకు అన్నచోట "విదేశాల్లో కంపెనీ కొనుగోలు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. 2012లోనూ నేనే నింపాను. అదే చోట "పాత అప్పు తీర్చుట" అని రాసి, సంతకానికి పైకి పంపాను.