అసైన్‌మెంట్ చూసి ఎక్కించడం మాని అడగడం మొదలుపెట్టాను: నా మొదటి ఏడాది ఇంజనీరింగ్

ఇంటర్మీడియట్ వరకు తెలుగు అకాడమి పుస్తకాలతో ఎం.పి.సి. చదివిన నాకు, ఇంజనీరింగ్‌లో చేరగానే లెక్కల కంటే ముందు మాటలే అడ్డుపడ్డాయి. నిర్ధారకమే డిటర్మినెంట్ అనీ, సమాకలనమే ఇంటిగ్రేషన్ అనీ పోల్చుకునేలోపే అధ్యాపకులు బోర్డు తుడిచేసేవారు. దాంతో హాస్టల్లో అందరి దారే నాదీ అయింది: ఎవరో చేసిన అసైన్‌మెంట్ రాత్రి పదింటికి మా గదికి వచ్చేది, తెల్లవారేసరికి నాలుగు చేతివ్రాతల్లోకి మారిపోయేది. మొదటి మిడ్ పరీక్షలో మాత్రికలకు సంబంధించిన కేలీ-హామిల్టన్ సిద్ధాంతం మీద వచ్చిన ప్రశ్న నేను అలా ఎక్కించినదే అయినా, లాక్షణిక సమీకరణం రాశాక ఒక్క అడుగూ ముందుకు పడలేదు.

మా జిల్లాకే చెందిన నాలుగో సంవత్సరం అక్క ఒకరిని ఆశ్రయించి, "ఏమీ రావడం లేదక్కా" అన్నాను. "ఏమీ అనకు తమ్ముడూ, ఎక్కడిదాకా వచ్చిందో ఆ కాగితం పట్టుకురా" అని వెనక్కి పంపేశారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గానీ, మర్నాడు రఫ్ నోటు పట్టుకునే వెళ్లాను. ఒకటిని ఎక్స్ వర్గంతో భాగించగా వచ్చే ప్రమేయాన్ని −1 నుంచి 1 వరకు సమాకలనం చేస్తే నాకు −2 వచ్చింది. సూత్రం సరిగానే వేశాను కనుక తప్పెక్కడో తెలియలేదు. ఆమె జవాబు చెప్పకుండా గ్రాఫ్ గీయమన్నారు. వక్రం మొత్తం ఎక్స్ అక్షానికి పైనే ఉన్నప్పుడు వైశాల్యం రుణాత్మకం ఎలా అవుతుందని అడిగేసరికి, సున్నా దగ్గర ఆ ప్రమేయానికి విలువే లేదనీ, అక్కడ రెండు ముక్కలు చేసి చూడాలనీ, ఆ ముక్కలు రెండూ అనంతానికే పోతున్నాయనీ ఒక్కొక్కటిగా నా నోటితోనే చెప్పించారు.

సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో కూడా ఇదే ఎదురైంది. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రామ్‌కు 212 ఇచ్చినా, 98 ఇచ్చినా సున్నాయే వచ్చేది. "పనిచేయడం లేదు సార్" అన్నంతకాలం ల్యాబ్ సార్ తల ఊపి పక్క వరుసకు వెళ్లిపోయేవారు. అరవైమందిలో ఆయనను తప్పుపట్టలేను. తర్వాతి వారం, ఇచ్చిన విలువ 212, రావలసింది 100, వచ్చింది 0 అని చీటీ మీద రాసి చూపించాను. ఆగి, ఐదును తొమ్మిదితో భాగించిన విలువను మాత్రమే విడిగా ప్రింట్ చేయమన్నారు. అదే సున్నా! రెండూ పూర్ణసంఖ్యలైతే సి భాష భిన్న భాగాన్ని వదిలేస్తుందని అప్పుడు తెలిసింది. 5 స్థానంలో 5.0 అని రాస్తే సరిపోయింది. ఆ తర్వాత ఇలాంటి చీటీలు చాలా రాశాను గానీ, రాస్తుండగానే తప్పు కనిపించడం వల్ల సగం చీటీలు సార్ దాకా వెళ్లనేలేదు.

ఐఐటీల ఆన్‌లైన్ వీడియో పాఠాలైన ఎన్‌పీటెల్ పాఠాలూ విన్నాను; పెన్ను పట్టుకోకుండా విన్నవి రెండు రోజులు కూడా గుర్తుండలేదు. చాట్‌బాట్‌ను అడిగినప్పుడు, పూర్తి సాధన ఇవ్వవద్దనీ, నా సాధనలో మొదట తప్పిన వరుస మాత్రం చూపమనీ కోరేవాడిని. అది కూడా ఎంతో ధీమాగా కూడికలు తప్పుతుంది కనుక, మాత్రిక లాక్షణిక సమీకరణానికి మూలాలైన ఐగెన్ విలువల మొత్తం ఆ మాత్రిక ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తానికీ, వాటి లబ్ధం నిర్ధారకానికీ సమానమో కాదో నేనే సరిచూసుకునేవాడిని. ఈ తనిఖీ అరనిమిషం పని.

ఆ సెమిస్టర్‌లో గణితమూ, సి గట్టెక్కాయి. ఫిజిక్స్ మాత్రం నిలిచిపోయింది. అవరుద్ధ డోలనాల (క్రమంగా తగ్గిపోయే ఊపుల) లెక్కల్లో కోణం రేడియన్లలో ఉంటే నా కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందన్న సంగతి పరీక్ష అయ్యాక తెలిసింది. ఆ సబ్జెక్టులో నేను ఎవరినీ ఏదీ అడగలేదు. సప్లిమెంటరీకి ఫీజు కట్టిన రోజే రఫ్ నోటు తీసుకుని ఫిజిక్స్ మేడమ్ గదికి వెళ్లాను.