ముసురు ఆదివారం, ట్యాపెట్ల పని

రెండు రోజులుగా ముసురు. మోడల్ విమానం ఎగరేసే వాతావరణం కాదు. అయినా ఇంజన్‌ని పెట్టెలో పడేసి వానాకాలం పోయాక చూద్దామంటే కుదరదు, లోపలి ఆముదం జిగురు కట్టేస్తుంది. కాస్త తెరిపి ఇవ్వగానే చేవెళ్ల దగ్గర అక్కావాళ్ల మామిడి తోటకు వెళ్లి, చెక్క స్టాండుకు బిగించి కాసేపు నడిపి వచ్చాను. మా అపార్ట్‌మెంట్‌లో ఈ పని పెట్టుకుంటే కింది ఫ్లాటు ఆంటీ ఊరుకోరు.

నా దగ్గరున్నది ఓఎస్ కంపెనీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, ఎఫ్ఎస్-40 సర్పాస్. 40 అంటే 0.40 ఘనపు అంగుళాలు, మన లెక్కలో దాదాపు 6.5 సీసీ. అరచేతిలో ఇమిడిపోతుంది. అంతలోనే రెండు వాల్వులు, వాటిని తెరిచి మూసే క్యామ్, పుష్‌రాడ్లు, రాకర్లు, అన్నీ పాత బుల్లెట్ బండిలో ఉన్నట్టే ఉంటాయి. ఈ జపాన్ కంపెనీ 1976లో ఎఫ్ఎస్-60 తెచ్చేదాకా మోడల్ విమానాలంటే టూ స్ట్రోక్ కీచుమనే మోతే. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒక్కసారే ఇంధనం మండుతుంది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగినా పేలేది 5,000 సార్లే. అందుకే గొంతు బరువుగా, నిజం విమానంలా ఉంటుంది. నేను దీన్ని వదలకపోవడానికి సగం కారణం ఆ గొంతే.

ఇందులో పోసేది పెట్రోలు కాదు. మెథనాల్, నూనె, దొరికితే కాస్త నైట్రోమీథేన్. నైట్రో ఉంటే ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది. లేకపోతే నడవదని కాదు, కొన్ని ప్రపంచ పోటీల్లో 80 పాళ్లు మెథనాల్, 20 పాళ్లు నూనె మాత్రమే వాడాలని నియమం. నూనె అంటే ఇక్కడ ఆముదమే రాజు. ఎంత వేడెక్కినా పిస్టన్‌ని వదలదు. పాలమూరు చేలల్లో పండే ఆముదం జపాన్ ఇంజన్‌కి కందెన అవుతుందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. ఇంటికి రాగానే అమ్మ నా చొక్కా వాసన చూసి, "ఏరా, ఎవరికైనా ఆముదం పట్టించి వచ్చావా?" అంది.

మెథనాల్‌తో మాత్రం వేళాకోళం లేదు. అది విషం. పగటి వెలుతురులో దాని మంట కంటికి కనపడదు కూడా. డబ్బా మూత బిగించి దూరంగా పెట్టాకే, ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్‌కి కరెంటు ఇస్తాను.

మేనల్లుడు కూడా వచ్చాడు. వాడివన్నీ బ్యాటరీ విమానాలు. నేను ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే నీడిల్ స్క్రూని రెండున్నర చుట్లు తెరిచి, కార్బొరేటర్ మూతికి వేలు అడ్డం పెట్టి, ఇంధనం లోపలికి లాగేలా ప్రొపెల్లర్ చేత్తో తిప్పుతుంటే, "బ్యాటరీ పెడితే పోయేదానికి ఇంత పూజ ఎందుకు మామయ్యా?" అన్నాడు. జవాబు చెప్పకుండా వాణ్ని స్టాండు వెనక్కి రమ్మన్నాను. తిరిగే ప్రొపెల్లర్‌కి ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. గ్లో ప్లగ్‌కి ఒకటిన్నర వోల్టు తగిలించి, కర్రతో ప్రొపెల్లర్‌ని కంప్రెషన్ మీదికి, అంటే పిస్టన్ గాలిని నొక్కే చోటికి, వెనక్కి కొడితే, అది ఎదురు తన్ని తిన్నగా తిరగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కరెంటు తీసేసినా పర్వాలేదు. ప్లగ్‌లోని ప్లాటినం తీగ మెథనాల్ తగిలి ఎర్రగా కాగుతూనే ఉంటుంది.

ఇంజన్ వేడెక్కాక ఫుల్ థ్రాటిల్ ఇచ్చి నీడిల్ బిగిస్తూ పోతే వేగం పెరిగి ఒకచోట ఆగుతుంది. అక్కడ ఆశపడి వదిలేయకూడదు. రెండు మూడు వందల చుట్లు తగ్గేదాకా నీడిల్ మళ్లీ తెరవాలి. మిక్చర్ లీన్ అయితే, అంటే గాలికి తగ్గ ఇంధనం అందకపోతే, అది ముందే మండి పిస్టన్‌ని వెనక్కి తంతుంది, ఆ దెబ్బకు నట్టు వదులై ప్రొపెల్లర్ ఊడి లేచిపోతుంది. ఫోర్ స్ట్రోక్‌లకు రెండో నట్టు బిగించేది అందుకే. చివర్లో ఇంధనం పైపు నొక్కేసి, లోపలున్న చుక్క కూడా కాలిపోయేదాకా నడిపి ఆపాను.

నాకు అసలు ఇష్టమైన పని మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ట్యాపెట్లు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, చూడాలి. రాకర్ కవర్ విప్పి, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకి వచ్చేచోట ఆపాలి. సందు కొలిచే 0.04 మిల్లీమీటర్ల గేజ్ రేకు రాకర్ కింద దూరాలి, 0.10 రేకు దూరకూడదు. ఇన్‌టేక్ వాల్వు బాగానే ఉంది. ఎగ్జాస్ట్ వైపు 0.10 కూడా హాయిగా జారిపోయింది. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ నట్ బిగిస్తే ఆ బిగింపుకే గ్యాప్ మారిపోయింది. ఎప్పుడూ ఇంతే, విసుగు పడితే కుదరదు. టీవీలో సినిమా సగం అయ్యేసరికి సరిగ్గా కుదిరింది.

ఈ ఇంజన్ అడుగున బేరింగులకు వేరే ఆయిల్ పంపు లేదు. పిస్టన్ రింగు పక్కనుంచి కిందికి జారే నూనే వాటికి దిక్కు. నూనెతో పాటు తడి కూడా దిగుతుంది. మెథనాల్ మండితే నీళ్లు పుడతాయి, నైట్రో కలిస్తే యాసిడ్ కూడా. మన వానాకాలం గాలి సరేసరి. చాలా ఇంజన్లు వెనక బేరింగ్ తుప్పు పట్టే పాడవుతాయి. అందుకని ఇంజన్ అడుగు నుంచి గాలి వదిలే బ్రీతర్ గొట్టంలో, కార్బొరేటర్‌లో, ప్లగ్ రంధ్రంలో పల్చటి నూనె చుక్కలు వేసి, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిప్పాను. బ్రీతర్ లోంచి ముందు నల్లగా, తర్వాత తేటగా నూనె వచ్చింది. బేరింగ్ దగ్గర గరగర లేదు.

సిలిండర్ రెక్కల మీద మాడిన ఆముదం గోధుమరంగులో పేరుకుపోయింది. రబ్బరు భాగాలు తీసేసి, కారు కూలెంట్‌లో సన్నటి సెగ మీద రాత్రంతా నాననిస్తే కొత్తదానిలా వస్తుంది. కూలెంట్ కూడా విషమే కాబట్టి ఆ గిన్నె ఇక వంటకు పనికిరాదు. "గిన్నెల మీద చెయ్యి వేశారంటే చూడండి" అని మా ఆవిడ ముందే చెప్పేసింది. పాత సామాన్ల కొట్లో ఏదో ఒకటి కొనాలి.

అంతసేపూ పక్కన కూర్చుని చూసిన మేనల్లుడు వెళ్లేముందు, "ఈసారి నేను స్టార్ట్ చేస్తా మామయ్యా" అన్నాడు. గేజ్ రేకులు రెండూ వాడి చేతిలో పెట్టి, ముందు వీటిలో ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పమన్నాను.