జామి, నీలి, మా పిల్లలు

ఆదివారం, పర్లాకిమిడి

ఫాల్గుణం వచ్చిందంటే మా వీధి చివరి బూరుగు చెట్టు ఆకు కనపడకుండా ఎర్రగా పూసేస్తుంది. తెల్లారకుండానే రామచిలకలు దాని మీద వాలి ఒకటే గోల. ఆ గోల చెవిన పడగానే ఇంట్లో మా జామి, నీలి కూడా అందుకుంటాయి. ఆదివారమని ఇంకాసేపు పడుకుందామన్నా కుదరదు.

జామి పచ్చది. నీలి పేరుకు తగ్గట్టే నీలం. దుకాణాల్లో వీటిని లవ్ బర్డ్స్ అని అమ్మేస్తారు గానీ ఇవి బడ్జీలు, ఆస్ట్రేలియా జాతి చిన్న చిలకలు. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి చర్మం జామికి నీలంగా ఉంటుంది, అంటే మగది. నీలికి గోధుమరంగు, అది ఆడది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా పాప ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ పంజరం దగ్గరికి తీసుకెళ్ళి ముక్కులు చూపించి పాఠం చెబుతోంది.

ఆదివారం పంజరం కడగాలి. అడుగున పరిచిన ఒడియా పేపరు మీద ముందు నీళ్ళు చిలకరించి, తడిశాకే చుట్టి తీస్తాను. రెట్ట ఎండి పొడై గాల్లోకి లేస్తే పీల్చినవాళ్ళకు ప్యారట్ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు అంటుకోవచ్చు. ఆ జబ్బు క్రిమి ఉన్న చిలక కూడా పైకి హుషారుగానే కనిపించవచ్చు. అందుకే ఆ కాసేపు బాబును వంటింట్లోనే ఉంచుతాను. వాడికి మూడేళ్ళు, దొరికిందల్లా నోట్లోకే పోతుంది. పాప మాత్రం దూరంగా స్టూలు మీద కూర్చుని, పరచబోయే కాగితం మీది హెడ్డింగులు పైకి చదువుతుంది. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు కదా, నాకు తట్టని మాటకు దానినే అర్థం అడుగుతాను. ఎంత సంబరంగా చెబుతుందో! తర్వాత ఇద్దరి చేతులూ సబ్బుతో కడిగిస్తాను. పిట్టను ముట్టుకున్నా ముట్టుకోకపోయినా అంతే.

ఇవాళ గింజల గిన్నె దగ్గర పాపకు ఒకటి చూపించాను. వీటికి కొర్రలు, సామలు వేస్తాం. చిలక గింజను ముక్కుతోనే ఒలిచి, లోపలిది తినేసి, పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. పొద్దున చూస్తే గిన్నె నిండుగా ఉంది. గుమ్మం బయటికి తీసుకెళ్ళి చేటలో పోసి చెరిగాను. పొట్టంతా ఎగిరిపోయి చేట అడుగున చారెడు గింజలు కూడా మిగల్లేదు. "ఇదంతా వట్టి పొట్టేనా అమ్మా!" అని నోరు తెరిచేసింది. గిన్నె నిండుగానే ఉంది కదా అని ఊరెళ్ళిపోయే ఇళ్ళలో పిట్టలు ఆకలితో చనిపోతాయి. నీళ్ళు మార్చడం పాప పని, కానీ గిన్నె చూసుకునే బాధ్యత నాదే. ఎనిమిదేళ్ళ పిల్లకు పరీక్షలుంటాయి, జ్వరాలొస్తాయి, ఆటల్లో మర్చిపోతుంది. పిల్లలు అడిగారని తెచ్చినా సరే, ఇంట్లోకి వచ్చిన పిట్ట పెద్దవాళ్ళ పూచీ.

నాకు అసలు టెన్షన్ బాబు గురించే. వాడికి ప్రేమ ఎక్కువ, ప్రేమ వస్తే గట్టిగా పట్టేసుకుంటాడు. కుక్కపిల్లయితే కుయ్యోమని విడిపించుకుంటుంది. పిట్టకు ఆ అవకాశం లేదు. మనకున్నట్టు పక్షులకు ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరపు పొర ఉండదు. రొమ్ము ఎముక కదులుతూ ఉంటేనే వాటికి గాలి ఆడుతుంది. గుప్పిట్లో రొమ్ము కదలకుండా బిగిస్తే, ముక్కు తెరిచే ఉన్నా ఊపిరి ఆగిపోతుంది. ముప్పై నలభై గ్రాముల ప్రాణం. దాన్ని కొట్టక్కర్లేదు, ముద్దు చేసినా పోతుంది. ఈ మాట తెలిశాక మా ఇంట్లో ఒకటే కట్టుబాటు పెట్టాను: పిట్ట మన దగ్గరికి రావచ్చు గానీ మనం పిట్టను పట్టుకోకూడదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు బయటికి వదిలాం. వదిలేముందు పనులు చాలానే ఉంటాయి. ఫ్యాను ఆపాలి, కిటికీలు వెయ్యాలి, అద్దం మీద తువ్వాలు కప్పాలి, నీళ్ళ బకెట్ల మీద మూతలు పెట్టాలి, పొయ్యి కట్టేసి ఉండాలి. నాన్‌స్టిక్ పెనం బాగా కాగిపోతే దాని పూత నుంచి వచ్చే ఆవిరి మనకు తెలియకుండానే పక్షులను నిమిషాల్లో చంపేస్తుంది. అందుకే మా ఇంట్లో దోసెలు ఇనప పెనం మీదే. దోమల కాయిల్ మానేసి అందరం దోమతెరల్లోకి మారాం. మలేరియా భయం ఉన్న చోటు కాబట్టి తెర ఎలాగూ తప్పదు. శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు పంజరం వెనక వసారాలోకి మారుస్తాను. మా ఆయన మొదట్లో విసుక్కునేవారు గానీ ఇప్పుడు ఫ్యాను స్విచ్ దగ్గర కాపలా ఆయనే.

బాబు నేల మీద బాసింపట్టు వేసుకుని అరచేయి చాచాడు. చేతిలో కొర్ర కంకి ముక్క. జామి కర్టెన్ రాడ్డు మీద నుంచి తల వంచి చూసింది, కుర్చీ మీదికి దిగింది, మళ్ళీ ఎగిరిపోయింది. నీలి అసలు పట్టించుకోలేదు. పాప "కదలకు, కదలకు" అని గుసగుసలు. చివరికి జామి వచ్చి వాడి మణికట్టు మీద వాలింది. ముందుకు రెండు వేళ్ళు, వెనక్కి రెండు వేళ్ళు, వాడి బొద్దు చేతి మీద పట్టు దొరకక కాళ్ళు మార్చుకుంటూ కంకి లాగుతోంది. వాడు ఊపిరి బిగపట్టి, కళ్ళు ఇంతింత చేసి, రెండో చేయి వీపు వెనక దాచుకున్నాడు. నేను చెప్పకుండా వాడంతట వాడే దాచుకున్నాడు! "అమ్మా, గోళ్ళు కితకితలు" అన్నాడు మెల్లగా. ఎప్పుడూ అరిచి మాట్లాడేవాడు ఆ ఒక్క ముక్కా ఎంత మెల్లగా అన్నాడో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రం పాతపట్నం నుంచి మా మేనత్త వచ్చింది. మహేంద్రతనయ దాటితే ఆంధ్ర, ఇటు ఒడిశా. చుట్టరికాలకు ఏరు అడ్డం కాదు, ఆవిడ వారానికోసారైనా వస్తుంది. నీలమణి దుర్గమ్మ ప్రసాదం పిల్లల చేతుల్లో పెట్టి, పంజరం వైపు చూసి, "ఈ పిచ్చుకలంత పిట్టలేటి తల్లీ? మాటలు చెప్పే రామచిలకని పెంచాలి గానీ. మా మరిది కొడుకు తోటలో తాటిమోడు తొర్రలో పిల్లలున్నాయంట. రెండ్రోజుల్లో దింపిస్తానన్నాడు, ఒకటి నీ పిల్లలకే" అంది.

అత్త ప్రేమగానే అంది. వాళ్ళ కాలంలో చాలా ఇళ్ళలో చూరుకు చిలక పంజరం వేలాడుతుండేది.

"వద్దత్తా. 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది. మన దేశపు చిలకలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. జైలు మూడేళ్ళ దాకా పడొచ్చు, 2022లో సవరించాక జరిమానా కూడా లక్ష దాకా పెంచారు" అన్నాను.

"ఒక చిలకకి జైలేటమ్మా" అని నవ్వేసింది.

"సరే, చట్టం మాట అలా ఉంచు. కళ్ళు తెరవని, ఈక మొలవని పిల్లలవి. తల్లీ తండ్రీ నోటితో పెడితే తినేవి. గూడు వదలడానికే నెలన్నర పైన పడుతుంది. మన పాలన్నంతో ఎన్ని బతుకుతాయి? బతికినా పాతికేళ్ళ పక్షి. మగదైతే మెడకు కంఠి రావడానికే మూడేళ్ళు. అన్నేళ్ళూ ఒంటరిగా పంజరంలోనా?"

"పెద్దయ్యాక ఎగరేసేద్దాం" అంది అత్త.

ఎగరేయడం కూడా దయ కాదు. గుంపు నేర్పాల్సినవి నేర్చుకోని చిలకకు తిండి ఎక్కడ దొరుకుతుందో, డేగ వస్తే ఎటు పారిపోవాలో తెలియదు. అదే చెప్పాను. అత్త ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ప్రసాదం కాగితం మడత పెడుతూ ఊరుకుంది.

అడగాల్సింది పాప అడిగింది. "మరి జామిని, నీలిని ఎందుకు పంజరంలో పెట్టాం?"

ఉన్నదున్నట్టే చెప్పాను. ఇవి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగిన పిట్టలు, మన ఊళ్ళో వీటికి గుంపు లేదు, బయట వదిలితే ఒక్క పూటలో కాకుల పాలవుతాయి. అందుకే జంటగా తెచ్చాం, రోజూ ఎగరడానికి వదులుతున్నాం అన్నాను. "అయినా చిన్నదే కదా పంజరం" అంది. అవును, చిన్నదే. అడ్డంగా ఎగరడానికి వీలుగా పొడవు పంజరం కొందామని మా ఆయనతో ఇవాళే అన్నాను. వచ్చే నెల ఖర్చుల్లో రాసుకున్నారు.

అత్త వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయి నంబరు తీసుకున్నాను. ఆవిడ చెబుతుందో లేదో, చెప్పినా నాలా గట్టిగా చెప్పదు. తాటిమోడు ఎక్కేముందే, రేపు పొద్దున్నే నేనే ఫోన్ చేస్తాను. ఎవరైనా కొనుక్కుంటామన్నారేమో కూడా కనుక్కోవాలి. అలాగైతే తోటకు నేనే వెళ్ళి మాట్లాడతాను, పాపను కూడా తీసుకెళ్తాను.