పాలడిన్ 7, వార్లాక్ 5

బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో లెవెల్ 12 స్క్రీన్ తెరిచి పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నా. ఇదే చివరి లెవెల్, దీని తర్వాత ఇంకేమీ రాదు. నా క్యారెక్టర్ రెండు క్లాసులు కలిపినది, అప్పటికి పాలడిన్ (పవిత్ర యోధుడు) 7 లెవెల్స్, వార్లాక్ (మంత్రగాడు) 4. ఈ ఒక్కటి ఎటు వేయాలి?

పాలడిన్ 8 తీసుకుంటే ఇంకో ఫీట్, అంటే మనం ఎంచుకునే అదనపు బలం, వస్తుంది. దాంతో కరిస్మా (ఆకర్షణ శక్తి) ఇంకో రెండు పెంచుకోవచ్చు. కరిస్మా పెరిగితే కత్తి దెబ్బ, మంత్రాలు, పక్కనున్న వాళ్లకి ఆరా ఇచ్చే రక్షణ, అన్నీ ఒకేసారి పెరుగుతాయి. అసలు ఈ రెండు క్లాసులూ అంత చక్కగా కలిసేది అందుకే.

వార్లాక్ 5 అయితే మంత్రాలకి ఖర్చు చేసే రెండు స్లాట్లూ మూడో స్థాయికి వెళ్తాయి. షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) తీసుకోగానే మళ్లీ నిండుతాయి. పైగా పాలడిన్‌కి ఉన్న ఎక్స్‌ట్రా అటాక్ (రెండో దెబ్బ) మీద ఇంకొకటి, అంటే ఒకే యాక్షన్‌లో మూడు దెబ్బలు. అన్నిటికంటే కష్టమైన ఆనర్ మోడ్‌లో ఇది కుదరదు, అక్కడైతే ఆలోచించకుండా ఫీట్ తీసుకునేదాన్ని.

వార్లాక్ నొక్కేశా.

వెంటనే వచ్చిన ఫైట్‌లో మూడో దెబ్బకి క్రిటికల్ (పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) పడింది. స్లాట్ ఖర్చు చేసి దెబ్బకి బలం కలిపే స్మైట్ పాచికలు నాలుగు కాస్తా ఎనిమిది. నిజంగానే గట్టిగా అరిచేశా!

పాలడిన్‌ని ఫైటర్‌తో కలిపి ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? యాక్షన్ సర్జ్ (ఒక టర్న్‌లో ఇంకో యాక్షన్) కోసం ఫైటర్‌కి రెండు లెవెల్స్ ఇవ్వొచ్చంటారా, చెప్పండి. తర్వాతి పాత్ర గురించి అప్పుడే మొదలైంది నాకు.